‘లైన్ బాగుంది’ అంటే ఏం బాగున్నట్టు?

సినిమా కథ రాసుకుని నలుగురికి చెప్పుకున్న ప్రతివాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు వినే ఉండే మాట: "లైన్ బాగుంది." ఆ తర్వాత చిన్న మౌనం. ఆ తర్వాత టీ. కథ బాగుందన్నారా, వాక్యం బాగుందన్నారా, ఇక బయల్దేరమన్నారా? రాసినవాడికి ఏదీ తెలీదు. మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఈ మాటకి ఒక కవల ఉంది. తోటి ఇంజనీరు రాసిన కోడ్‌ని రివ్యూ చేయమంటే, నాలుగొందల లైన్లని పైనుంచి కిందికి ఓసారి దొర్లించి "ఎల్జీటీఎం" అని నాలుగక్షరాలు పడేస్తారు. ‘నాకైతే బాగానే కనిపిస్తోంది’ అని దాని అర్థం. చాలాసార్లు అసలు అర్థం ‘నేను చదవలేదు’ అని.

సినిమా విమర్శ అనగానే మనకి విడుదలైన సినిమా మీద రాసేదే గుర్తొస్తుంది. ఇంకా పుట్టని సినిమా మీద, ఒకే ఒక్క వాక్యం మీద చెప్పే అభిప్రాయం కూడా విమర్శే. పైగా దానికి బలం ఎక్కువ. శుక్రవారం సినిమా విడుదలయ్యాక ఎవరెంత తిట్టినా అందులో ఒక్క షాటు కూడా మారదు. లాగ్‌లైన్ మీద ఒక ఫ్రెండు యథాలాపంగా అన్న మాటకి కథ మొత్తం మారిపోవచ్చు, ఆగిపోవచ్చు. అందుకే ఆ మాట ఎలా చెప్పాలో కాస్త ఆలోచించాలి అనిపిస్తుంది నాకు.

ముందు లాగ్‌లైన్ అంటే ఏంటో చూద్దాం. స్క్రీన్‌ప్లే సారాన్ని ఒకటి, మహా అయితే రెండు వాక్యాల్లో రాయడం. హాలీవుడ్ స్టూడియోలకి వచ్చిపడే స్క్రిప్టులని చిట్టాలో ఎక్కించేటప్పుడు, ఇది దేని గురించో తెలియడానికి పక్కన ఒక వాక్యం రాసి పెట్టేవాళ్ళనీ, ఆ చిట్టాని లాగ్ అంటారు కాబట్టి ఈ పేరు వచ్చిందనీ చెప్తారు. మనకి ఇలాంటిది లేదా అంటే, ఉంది. ‘లైన్’ అంటాం, ‘పాయింట్’ అంటాం. కానీ ఈ రెండూ ఒకటి కాదు. మన లైన్ నోటిమాట. మన దగ్గర కథ చదివించరు, వినిపిస్తారు. నేరేషన్ అనే ఆ తంతులో చెప్పేవాడి గొంతు, చేతులు, నేపథ్య సంగీతంతో సహా అన్నీ పనిచేస్తాయి. లైన్ నీరసంగా ఉన్నా మనిషి ఉత్సాహంగా ఉంటే గట్టెక్కుతుంది. లాగ్‌లైన్‌కి ఆ అదృష్టం లేదు. అది రాసినవాడు పక్కన లేనప్పుడు, ముక్కూమొహం తెలియనివాళ్ళ ముందు, ఒంటరిగా నిలబడాలి. కాబట్టి లాగ్‌లైన్ చూపించినవాణ్ణి "అంటే ఏంటి, వివరంగా చెప్పు" అని వెంటనే అడక్కూడదు. వాడు చెప్పడం మొదలుపెడితే మనం గొంతుకి మార్కులేస్తాం. ముందు ఆ వాక్యం నుంచి మనకేం అర్థమైందో మనం చెప్పాలి. రాసినవాడికి మొదటి షాకు, మొదటి లాభం అక్కడే.

మేం ఏడెనిమిది మందిమి నెలకోసారి కలిసి ఒకరి స్క్రిప్టులు ఒకరు చదువుకుంటాం. అందరూ ఏదో ఒక ఉద్యోగం చేసుకునేవాళ్ళే. ఇన్నాళ్ళలో చదివిన లాగ్‌లైన్లలో సగానికి సగం ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నమూనాకి ఒకటి నేనే తయారుచేసి చూపిస్తాను:

"విజయవాడలో చిన్న టిఫిన్ సెంటర్ నడుపుకునే మధ్యతరగతి యువకుడి జీవితంలో జరిగిన ఒక అనుకోని సంఘటన అతణ్ణి ఎటు తీసుకెళ్ళింది?"

ఇందులో కథ ఎక్కడుంది? ‘అనుకోని సంఘటన’ అనే పెట్టెలో ఉంది. ఆ పెట్టెకి తాళం వేసి, మనకి విజయవాడ, టిఫిన్ సెంటర్ చూపిస్తున్నారు. ఈ అలవాటు ఎక్కడిదో కనిపెట్టడం కష్టం కాదు. కథని కుదించి చెప్పడం మనం నేర్చుకున్నది సినిమా రివ్యూల నుంచి. అక్కడ కథ ఇంటర్వెల్ దాకా వచ్చి "ఆ తర్వాత ఏం జరిగింది అన్నదే మిగతా కథ" అని ఆగిపోతుంది. ప్రేక్షకుడి కోసం రాసేది కాబట్టి అక్కడ ఆగడం మర్యాద. లాగ్‌లైన్ ప్రేక్షకుడి కోసం కాదు. సినిమా తీసేవాళ్ళ కోసం. ఇల్లు కొనడానికి వచ్చినవాడికి వంటగది తలుపు మూసేసి "లోపల సర్‌ప్రైజ్ ఉందండీ" అంటే ఎలా ఉంటుంది?

దాచడానికి ఇంకో కారణం భయం. "లైన్ చెప్తే కొట్టేస్తారు బ్రో." ఈ భయాన్ని నేను కొట్టిపారేయను. చట్టం కూడా ఇక్కడ పెద్దగా ఆదుకోదు. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత తన నాటకాన్ని సినిమాగా వాడుకున్నారని వేసిన కేసులో 1978లో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, ఒక ఆలోచన మీద, ఇతివృత్తం మీద కాపీరైట్ ఉండదు. ఆ ఆలోచనని రచయిత ఏ రూపంలో పెట్టాడో దాని మీదే ఉంటుంది. అంటే ఒక్క వాక్యాన్ని ఎంత గట్టిగా దాచుకున్నా అది ఆస్తి అవదు. ఆస్తి అయ్యేది రాసిన కథ, రాసిన సీన్లు. కాబట్టి భయానికి మందు వాక్యంలో కథని దాచడం కాదు. కథని పూర్తిగా రాసి, రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకుని, ఆ తర్వాత వాక్యాన్ని ధైర్యంగా తెరిచి చూపించడం.

సరే, పైన చెప్పిన టిఫిన్ సెంటర్‌కి ఫీడ్‌బ్యాక్ ఎలా ఇవ్వాలి? "ఆ సంఘటన ఏంటి?" అని అడిగితే చాలు. అప్పుడు రచయిత "సెంటర్ ఎదురుగా ఒక హత్య జరుగుతుంది, ఇతను చూస్తాడు" అంటాడనుకుందాం. ఇంకో ప్రశ్న: "చూసినవాళ్ళు చాలామంది ఉండొచ్చు కదా, ఇతనే ఎందుకు?" అప్పుడు బయటికొస్తుంది: "ఆ చంపినవాడే ఇతనికి సెంటర్ పెట్టుకోడానికి అప్పిచ్చాడు." ఇదీ కథ! తనకి బతుకుతెరువు చూపించిన మనిషి చేసిన హత్యకి తనే ఏకైక సాక్షి. రచయిత దగ్గర ఇది మొదట్నుంచీ ఉంది. వాక్యంలో మాత్రం విజయవాడ ఉంది, ఇది లేదు. గమనించండి, ఇక్కడ మనం కథ చెప్పలేదు. రెండు ప్రశ్నలు అడిగాం, అంతే. ఫీడ్‌బ్యాక్ ఇచ్చేవాళ్ళకి తెలియకుండానే పట్టుకునే జబ్బు "నేనైతే ఇలా రాస్తాను" అనడం. వాళ్ళైతే ఎలా రాస్తారో వాళ్ళ స్క్రిప్టులో చూసుకుందాం.

దాచడం రాసేవాళ్ళ జబ్బయితే, చదివేవాళ్ళ జబ్బు ఫార్ములా. దాని రూపం అందరికీ తెలిసిందే: ఫలానా లక్షణమున్న మనిషి, ఫలానా సంఘటన తర్వాత, ఫలానా అడ్డంకిని దాటి, ఫలానాది సాధించాలి, లేకపోతే ఫలానాది పోతుంది. బ్లేక్ స్నైడర్ 2005లో రాసిన ‘సేవ్ ద క్యాట్’ లాంటి పుస్తకాల వల్ల ఇవన్నీ ఇంటింటికీ చేరాయి. స్నైడర్ లాగ్‌లైన్‌లో ముఖ్యంగా వెతకమన్నది ఐరనీ, అంటే మనిషికీ అతను ఇరుక్కున్న పరిస్థితికీ మధ్య ఉండే ఎకసెక్కం. అది మంచి సలహా. ఫార్ములాని నేను వెక్కిరించడం లేదు. చాలాసార్లు పనిచేస్తుంది. మన సినిమాలతోనే చూద్దాం.

‘మిస్సమ్మ’, 1955. టీచర్ ఉద్యోగాలకి భార్యాభర్తలే కావాలన్న షరతు వల్ల, ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరు నిరుద్యోగులు, ఒక క్రైస్తవ అమ్మాయి, ఒక హిందూ అబ్బాయి, జమీందారు ఊళ్ళో దంపతుల్లా నటించాల్సి వస్తుంది. ఇవాళ ఏ ఓటీటీ ఆఫీసులో చెప్పినా నిటారుగా కూర్చుని వినే లైన్ ఇది. ‘దృశ్యం’: పెద్దగా చదువుకోని కేబుల్ టీవీ ఆపరేటర్, సినిమాలు చూసి సంపాదించిన తెలివితో, పోలీసు ఉన్నతాధికారి కొడుకు చావు వల్ల చిక్కుల్లో పడ్డ తన కుటుంబాన్ని కాపాడుకుంటాడు. ‘ఈగ’, 2012: ఒక అమ్మాయి కోసం ధనవంతుడైన దుర్మార్గుడు చంపేసిన కుర్రాడు ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడు. మూడింటిలోనూ మనిషి, అడ్డంకి, ఐరనీ అన్నీ ఉన్నాయి. ఫార్ములా పెట్టి చూస్తే అన్ని గళ్ళలోనూ టిక్కు పడుతుంది.

ఇప్పుడు ‘మాయాబజార్’, 1957. హీరో ఎవరు? ప్రేమించింది అభిమన్యుడు. పని చేసింది ఘటోత్కచుడు. నడిపించింది కృష్ణుడు. కష్టం శశిరేఖది. మాట తప్పింది బలరాముడు. ఎవరి రాజ్యం పోవడం వల్ల ఇదంతా మొదలైందో ఆ పాండవులు సినిమాలో అసలు కనిపించరు! "ప్రొటాగనిస్ట్ క్లారిటీ లేదండీ" అని ఏ రివ్యూయర్ అయినా రాసి పంపగల కథ ఇది. అలాగని దీనికి లాగ్‌లైన్ లేదా? ఉంది: రాజ్యం పోయిన మేనల్లుడికి పిల్లనివ్వడానికి వెనకాడిన బలరాముడి ఇంట్లోకి, పెళ్ళికూతురి వేషంలో ఒక రాక్షసుడు చేరి, అవతలి పెళ్ళిని నవ్వులపాలు చేస్తాడు. వాక్యం నిలబడింది. హీరో గడి మాత్రం ఖాళీ.

‘బలగం’, 2023. ఫార్ములా పట్టుకున్న రివ్యూయర్ ఇందులో సాయిలు అనే మనవడి దగ్గరికి వెళ్ళి ఆగుతాడు. అప్పులున్నాయి, పెళ్ళి కుదిరింది, సరిగ్గా అప్పుడే తాత పోయాడు. ‘గోల్’ దొరికింది, ‘స్టేక్స్’ దొరికాయి. దాంతో రాసిన లాగ్‌లైన్ ఒక మామూలు కామెడీ అవుతుంది. సినిమా చూసి ఏడ్చినవాళ్ళెవరూ సాయిలు అప్పు గురించి ఏడవలేదు. దాని అసలు వాక్యం వేరు: చనిపోయిన పెద్దాయనకి పెట్టిన ముద్దని కాకి ముట్టకపోవడంతో, ఏనాటిదో చిన్న పట్టింపు వల్ల విడిపోయిన ఆ ఇంటివాళ్ళు ఊరందరి ముందూ తమ పంతాలని బయటపెట్టుకోవాల్సి వస్తుంది. ఈ వాక్యంలో కర్త ఒక కుటుంబం. అడ్డంకి ఒక కాకి. ఫార్ములాలో కాకికి గడి లేదు.

‘కేరాఫ్ కంచరపాలెం’ ఇంకా చిక్కు పెడుతుంది. సినిమా చూడనివాళ్ళు ఈ పేరా దాటేయండి. 2018లో వచ్చిన ఈ సినిమాని నాలుగు వయసుల వాళ్ళ నాలుగు ప్రేమకథలు అని రాస్తే సంకలనంలా వినిపిస్తుంది. చదివినవాళ్ళు "ఈ నాలుగింటినీ కలిపేదేంటి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. జవాబు సినిమా చివరి నిమిషాల్లో ఉంది: నాలుగు కథలూ ఒకే మనిషివి. దీన్ని లాగ్‌లైన్‌లో చెప్పేయాలా? చెప్పాలనే నా అభిప్రాయం. ఒక మనిషి జీవితంలోని నాలుగు ప్రేమల్ని, పక్కపక్క ఇళ్ళలో ఒకేసారి జరుగుతున్నట్టు చూపించే కథ. ఇక్కడ మలుపు అంటే చివర్లో పేల్చే బాంబు కాదు, కథ కట్టుబడే అది. కట్టుబడిని దాస్తే మిగిలేది ఇటుకలు.

ఈ ఉదాహరణలన్నీ ఇప్పటికే గెలిచిన సినిమాలవి కాబట్టి వాదన సులువుగా సాగింది. గెలవని చోట ఏం జరుగుతుందో చెప్తాను. మా గుంపులోనే ఒకామె, జగిత్యాల వైపు నుంచి వచ్చింది, ఒక వాక్యం తెచ్చింది:

"పన్నెండేళ్ళ తర్వాత గల్ఫ్ నుంచి శాశ్వతంగా తిరిగొచ్చిన భర్త, తను లేకుండా నడవడం నేర్చుకున్న ఇంట్లో చుట్టంలా మిగిలిపోతాడు."

ఆ ప్రాంతంలో పెరిగినవాళ్ళకి ఈ వాక్యంలో ఎన్ని ఇళ్ళు కనిపిస్తాయో వేరే చెప్పక్కర్లేదు. దీనికి మొదటి విడత వచ్చిన వ్యాఖ్యలు: గోల్ లేదు, విలన్ లేడు, హీరో ఏమీ చేయట్లేదు. ఆమె వెళ్ళి మార్చుకొచ్చింది. రెండో రూపంలో భర్త బంగారం దాచి తెచ్చాడు. మళ్ళీ వ్యాఖ్యలు: ఆ బంగారం ఎవరిది, వెనకాల ఎవరు పడతారు? మూడో రూపంలో స్మగ్లింగ్ ముఠా వచ్చింది. "కుటుంబాన్ని కాపాడుకోడానికి అతనేం చేశాడు?" అనే ప్రశ్నతో ముగిసింది. గళ్ళన్నీ నిండాయి. "ఇప్పుడు లైన్ బాగుంది" అన్నారు. మొదటి వాక్యంలో ఇల్లంతా తానై ఉన్న భార్య మూడో వాక్యానికల్లా ‘కుటుంబం’ అనే మాటలో కలిసిపోయింది. కిడ్నాప్ చేయడానికి తప్ప ఆమెతో కథకి పనిలేదు.

ఒక్కో వ్యాఖ్యనీ విడిగా తీసుకుంటే ఏదీ తప్పు కాదు. మొదటి వాక్యంలో నిజంగానే ఒక లోపం ఉంది. అది పరిస్థితిని చెప్పి ఆగిపోయింది, ముందుకి కదల్లేదు. కానీ కదలడానికి ముఠా అక్కర్లేదు. ఆ రోజు నేను అడిగింది ఒక్కటే: "ఇది తిరిగొచ్చినవాడి కథా, ఇంట్లో ఉన్నావిడ కథా? ఆవిడదైతే, ఆవిడ ఏం వదులుకోవాలి?" నెల తర్వాత ఆమె తెచ్చిన వాక్యం ఇది:

"పన్నెండేళ్ళు ఒంటిచేత్తో ఇల్లు నడిపిన ఆడమనిషి, గల్ఫ్ నుంచి తిరిగొచ్చి పెత్తనం తనదేననే భర్తకి తాళాలు అప్పగించాలో, ఉన్న ఒక్క మగతోడునీ దూరం చేసుకోవాలో తేల్చుకోవాలి."

ఆఖరి ముక్క ఇంకా బరువుగా ఉంది, ‘మగతోడు’ అన్న మాట ఆమెకే నచ్చలేదు. ఫర్వాలేదు. ఇప్పుడు ఈ వాక్యంలో ఎవరికీ ప్రాణాపాయం లేదు, అయినా పోయేదేదో ఉంది. స్టేక్స్ అన్న మాటని మనం ప్రాణం, పరువు, పదికోట్లు అని తర్జుమా చేసుకున్నాం. దానికి సరైన తెలుగు ‘ఏం వదులుకోవాలి?’ అని నాకనిపిస్తుంది. ‘బలగం’ వాళ్ళు పంతం వదులుకోవాలి. ‘మిస్సమ్మ’లో ఇద్దరూ పొట్టకూటి కోసం తమ నిజాన్ని వదులుకున్నారు. ‘దృశ్యం’ తండ్రి ఇక జీవితమంతా నిజం చెప్పే హక్కు వదులుకున్నాడు. ఈ ప్రశ్న కూడా అన్నిచోట్లా పనిచేయదు. ‘ఈగ’లో కుర్రాడు వదులుకోడానికి ఏమీ మిగల్లేదు, ఒంటితో సహా. ఆ సినిమా బలం ఒక కొలతలో ఉంది: అంత చిన్న ప్రాణి, అంత పెద్ద మనిషి. అలాంటి లైన్ వచ్చినప్పుడు త్యాగాల గురించి అడిగి దాన్ని బరువెక్కించకూడదు. అందుకే ప్రశ్న వేసే ముందు ఈ కథ ఏ జాతిదో గుర్తుపట్టాలి. మా పనిలోనూ అంతే. ఖాళీలు, కామాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసిపెట్టే టూల్స్ ఉన్నాయి. ఈ మార్పు ఏ సమస్య కోసం అని మాత్రం అవి అడగలేవు. అది అడగడానికే పక్కన ఇంకో మనిషి. ఫార్ములా ఒక టూల్. దాన్ని పట్టుకుని మనిషి చేయాల్సిన పని చేసేశాం అనుకోవడంతోనే ఇబ్బంది.

రాబర్ట్ ఆల్ట్‌మన్ తీసిన ‘ద ప్లేయర్’, 1992లో, స్టూడియో అధికారి రచయితల కథలని పాతిక పదాల్లో వింటుంటాడు. వాటిలో కొన్ని ఏవో రెండు పాత హిట్ల కలయికే. మన దగ్గర "ఇది ‘బాషా’ టైపు" అంటే సరిపోయినట్టు. వినేవాడికి తెలిసిన సినిమా ఒకటి గుర్తొస్తే చాలు, లైన్ అర్థమైపోతుంది. దాని వెనక ఉన్న నష్టం నెమ్మదిగా తెలుస్తుంది: ఇంతకుముందు ఏ సినిమా లాగానూ లేని కథ, ఆ కారణం వల్లే, అర్థంకాని లైన్ అవుతుంది. కొత్తగా రాసేవాళ్ళకి మొదట ఎదురయ్యేది నిర్మాతలు కాదు, మనలాంటి స్నేహితులు. పాత కొలతలతో కొత్త వాక్యాన్ని కొలిచి మనం వెనక్కి పంపేస్తే అది నిర్మాత దాకా పోనే పోదు. ఫ్లాపైన సినిమాకి కనీసం పోస్టరు మిగులుతుంది, యూట్యూబ్‌లో ఒక పాటన్నా మిగులుతుంది. లాగ్‌లైన్ దగ్గర ఆగిపోయిన కథకి ఏమీ మిగలదు. అది ఆగిందన్న సంగతి కూడా రాసినవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

కాబట్టి ఈసారి ఎవరైనా మీకు ఒక్క వాక్యం పంపి "ఎలా ఉంది?" అంటే, ముందు మీకు అర్థమైన కథని మీ మాటల్లో తిరిగి చెప్పండి. అందులో దాచింది ఏదైనా ఉంటే తెరవమనండి. ఎవరు ఏం వదులుకుంటున్నారో అడగండి. మీకు తోచిన విలన్‌ని మీ దగ్గరే ఉంచుకోండి. ఇవన్నీ చేయడానికి పది నిమిషాలు కూడా పట్టదు. ఆ పది నిమిషాలు లేకపోతే "ఇప్పుడు చదవలేను, రేపు చెప్తాను" అనండి. "లైన్ బాగుంది" కంటే అది ఎంతో నయం.